ముట్టకూడని కత్తి

మామగారికి యల్లమ్మ దండాలు. గండికోట కొండల్లో ఫోన్ అందడం లేదు, అందుకే ఈ కార్డు. గొర్రెల మందా, మేమూ బాగున్నాం.

మొన్న అడవిపందుల కోసం ఎవరో పన్నిన ఉచ్చులో మీ కొడుకు కాలు ఇరుక్కుంది. పడ్డప్పుడు మీరు లారీ కమానుపట్టీతో చేయించిచ్చిన వేటకత్తి దూరంగా జారిపోయింది. పాదం నల్లబడుతున్నా ఆయన గొడవ ఒకటే: "ఆడోళ్లు ముడితే మా నాయన ఊరికుండడు. కట్టెతో ఇటు నూకు మే!" నేను చేత్తోనే తీసి ఒక్క దెబ్బకు తాడు తెంపాను. ఇప్పుడు నడుస్తున్నాడు.

అత్తమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? ఇంటికాడ వదిలొచ్చిన, ఈనిన నల్లగొర్రెకు జొన్నలు పెట్టండి. కత్తికి శుద్ధి చేయాలంటే దసరా పూజలో మీరే చేసుకోండి. అందాకా ప్రొద్దుటూరులో దాని ఒరకు పొట్టి బెల్టు కుట్టించి, ఇటు వచ్చేవాళ్లతో పంపండి. మీ కొడుకు బెల్టు నా నడుముకు నిలవడం లేదు.