పలక రాయి కింద గోనెసంచి

మార్కాపురం, మంగళవారం రాత్రి

సాయంత్రం ఆరింటికి నాయన తన సమాధి రాయిని ఆటోలో ఇంటికి తెచ్చినాడు. పేరు, పుట్టిన ఏడు చెక్కించి, కింద ఒక వరస ఖాళీగా వదిలినాడు.

రేపు ఒంగోలులో ఆయన గుండెకు ఆపరేషన్. చేయించుకోకపోతే ఏడాది గడవడం కష్టమని డాక్టరు నాతో చెప్పినాడు. నాయన ఇంకా ఒప్పుకోలేదు.

తెచ్చింది పలక రాయి. బతుకంతా పలకల గనిలో పనిచేసిన మనిషికి, అది ఎండకు పొరలు పొరలుగా లేచిపోతుందని తెలియదా?

"గ్రానైట్ అయితే గట్టిగా ఉంటాది కదా నాయనా" అన్నాను.

"ఎన్నాళ్లు ఉండాలిరా? ఈ లోకంలో మనం బాడుగకు ఉన్నోళ్లం. ప్రభువు ఖాళీ చెయ్యమంటే చెయ్యాల."

"ఆయన ఇంకా చెప్పలేదు. నువ్వే ముందుగా సామాను సర్దుతున్నావు."

నవ్వేసినాడు. అది విశ్వాసమో, ఆపరేషన్ అంటే భయమో నాకు తేలలేదు. ఊళ్లో అందరినీ నిలదీసి అడుగుతాను. ఈయన్ని అడగలేకపోయినాను.

ఇందాక తలుపు వేయబోతూ చూసినాను. రాయిని గోడకు ఆనించి, అంచు పగలకుండా అడుగున గోనెసంచి మడిచి పెట్టినాడు.

"పొద్దున వస్తావా నాయనా?"

"పొద్దున చూద్దాం లేరా."

ఒంగోలుకు మాట్లాడిన కారు ఐదింటికి వస్తుంది.