పసుపు స్వెట్టర్‌కు రెండో చెయ్యి

ఆదివారం, రాత్రి

ఊలు అయిపోయిందని అబద్ధమాడి పది రోజులైంది. ఇవాళ దొరికిపోయిన.

యూనివర్సిటీ క్వార్టర్స్‌లో మా బిడ్డ సునీత ఇంట్లో ప్రార్థన అయినంక, మెట్టుగూడ సువార్తమ్మ సంచిలో నుంచి పసుపు ఊలు ఉండ తీసింది. "ఇగో అక్కా, తార్నాక దుకాణాలన్నీ తిరిగి తెచ్చిన. అదే రంగు! ఇగ నీకు సాకు లేదు."

అందరూ నవ్విన్రు. నేనూ నవ్విన.

పుట్టకముందే బిడ్డకు బట్టలు సిద్ధం చెయ్యొద్దనే భయం ఉత్త అవిశ్వాసమని వాళ్ల ముందు గర్జించింది నేనే. ఈసారి సునీత కాన్పుకు ముందే స్వెట్టర్ అల్లి చూపిస్తానన్నదీ నేనే. పోయినసారి సునీతకు ఏడో నెలలో బిడ్డ దక్కలేదు. అప్పుడు నేనల్లిన టోపీ ఇంకా బీరువాలోనే ఉన్నది. ఆ సంగతి ఏ ప్రసంగంలోనూ చెప్పలేదు. ఈ స్వెట్టర్‌కు ఒక చెయ్యి అల్లిన. రెండోదానికి వచ్చేసరికి క్రోషా సూది కదలదు.

అందరూ పోయినంక సునీత మెల్లగా అడిగింది. "నిజంగ ఊలు అయిపోయిందా అమ్మా? భయమైతుందా?"

"భయమా? నాకా? దేవుని వాక్యంలో ఒక తల్లి కొడుక్కు ఏటేటా చిన్న అంగీ కుట్టి..."

"నువ్వు అల్లుతున్నవనే నాకు రాత్రిళ్లు నిద్ర పడుతున్నదే."

ప్రసంగం ఆపి, సువార్తమ్మ తెచ్చిన ఊలు ఉండ చేతిలోకి తీసుకున్న.

ఇప్పుడే రెండో చెయ్యికి మొదటి వరుస అల్లిన. బైబిల్ పక్కనే తెరిచి ఉన్నది గాని చదవలేదు. ప్రభువా, నా భయం నువ్వొక్కడివే చూడు. సునీతకు కనబడనియ్యకు.