సముద్రం తూర్పున ఉండాలి

జనవరి 22, 2023
అబుదాబి ఎడారి అంచున ఈ రువైస్‌లో ఇన్నాళ్ళకి చలి. ఆయన సోఫా నిండా ఇటలీ పటం పరుచుకుని కూర్చున్నారు. వచ్చే ఏడాది రిటైర్మెంట్, ఈ క్వార్టర్స్ తాళాలు కంపెనీకి ఇచ్చేయాలి. చలికాలం కావలిలో, వేసవి ఇటలీలో — ఆయన కల. "ప్రాంతం నువ్వే ఎంచు శారదా" అన్నారు. అంటూనే సముద్రపొడ్డున ఉన్న లిగూరియా చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు.

ఫిబ్రవరి 3
పెళ్ళయ్యాక అత్తగారిల్లు. తర్వాత ఇది — గోడకి మేకు కొట్టాలన్నా కంపెనీకి కాగితం పెట్టాలి. ఇరవై ఆరేళ్ళు. నేను ఎంచుకున్న ఇల్లంటూ ఒక్కటీ లేదు. ఫలానాది కావాలని నోరు తెరిచి చెప్పే అలవాటే పోయింది.

ఫిబ్రవరి 19
టస్కనీ — ధరలు చూసి ఆయనే మూసేశారు. సిసిలీ — "ఇక్కడి ఎండ చాల్లేదా?" పీడ్‌మాంట్‌కి సముద్రమే లేదు. "ఖలాస్! లిగూరియానే" అన్నారు. వాళ్ళ ప్రాజెక్టులో పనిచేసి వెళ్ళిన ఇటలీ ఇంజినీరుది ఆ ప్రాంతమేనట. అప్పట్నుంచీ ఇదే జపం.

మార్చి 5
అబ్రుజ్జో. ఫోటోల్లో చూశాను. పడమర కొండలు, తూర్పున సముద్రం. చిన్నప్పుడు కావలి దగ్గర తుమ్మలపెంట తీరంలో చూసినట్టు, నీళ్ళలోంచి సూర్యుడు... ఇదే కావాలనిపించింది. ఈ వయసులో గుండె దడదడలాడింది.
చెప్పలేకపోయాను. నోట్లోంచి వచ్చింది మాత్రం — "లిగూరియాలో సముద్రం దక్షిణానండీ. వాస్తుకి పనికిరాదు."
నేను వాస్తు మాట ఎత్తడం ఇదే మొదలు. ఆయన పెన్నుకి మూత పెట్టేశారు.

మార్చి 6
అబద్ధమైతే కాదు. వాస్తు అలాగే చెప్తుంది. అయినా...

ఏప్రిల్ 12
ఎదురింటి నస్రీన్ ఇఫ్తార్‌కి పిలిచింది. నెల్లూరు పిల్ల, నోటికి అడ్డూ ఆపూ ఉండదు.
"శారదక్కా, ఇటలీలో కరేపాకు దొరుకుద్దా?"
"కుండీలో పెంచుతా."
"ఏ ఊళ్ళో?"
"ఆయన్నడగాలి."
"ఉండబోయేది నువ్వు కాదా?" అంది, నా ప్లేట్లో ఇంకో సమోసా వేస్తూ.
ఇంటికొచ్చాక కోపం వచ్చింది. దాని మీద కాదు.

సెప్టెంబర్ 10
లిగూరియా. ఆయన సెలవు పెట్టి ఇళ్ళు చూడ్డానికి తీసుకొచ్చారు. ఈ ఇల్లు బాగుంది, ఉన్నమాట చెప్పాలి. రోడ్డు నుంచి డెబ్బై మెట్లు. ఆయన పైనుంచి చేతులూపుతున్నారు. నేను సగంలో కూలబడ్డాను.

సెప్టెంబర్ 13
అబ్రుజ్జో. నేను వాస్తు మాటెత్తానని ఆయన ఇక్కడికీ తీసుకొచ్చారు. చిన్న ఇల్లు, గోడల సున్నం పెచ్చులుగా లేచింది. పక్కింటావిడ వాకిట్లో గుడ్డ పరిచి ఎర్ర మిరపకాయలు ఎండబెట్టింది. ఆవిడ వాళ్ళ భాషలో, నేను తెలుగులో. మాట్లాడుతూ మాట్లాడుతూ వంగి కాయలు తిరగేయడం మొదలుపెట్టాను. ఆవిడ వద్దనలేదు, తనూ అటువైపు నుంచి తిరగేసింది.
ఇక్కడ నేను ఉండగలను. ఉండాలి.
ఆయన ఫోన్లో దిక్సూచి చూసి "తూర్పే" అన్నారు, నీరసంగా.

అక్టోబర్ 1
కొంప మునిగింది. ఆయన కావలి సిద్ధాంతి గారికి వీడియో కాల్ చేసి లిగూరియా ఇంటి ప్లాను చూపించారు. సిద్ధాంతి గారు కళ్ళద్దాలు సర్దుకుని, "దానికేముంది నాయనా! ఈశాన్యంలో ఓ నీళ్ళ తొట్టి పెట్టించు, దక్షిణం గోడ కాస్త లేపు. దోషం పోద్ది."
"విన్నావా శారదా!" — ముఖం వెలిగిపోతోంది.
పకోడీలు మాడ్చాను.

అక్టోబర్ 2
తేలు కుట్టిన దొంగలా ఉంది నా పని.

అక్టోబర్ 6
పొద్దున్న కాఫీ ఇస్తూ చెప్పేశాను. "వాస్తు కాదండీ. ఆ అబ్రుజ్జో ఇల్లు నాకు కావాలి. వాస్తుని అడ్డం పెట్టుకున్నానంతే."
ఆయన కప్పు కింద పెట్టారు.
"ఈ ముక్క మార్చిలోనే చెప్పొచ్చుగా?"
"చేతకాలేదు."
బూట్లు తొడుక్కుంటూ — "నాకు మటుకు లిగూరియానే ఇష్టం." కోపంగా కాదు. ఉన్నమాట.
"తెలుసు" అన్నాను. డ్యూటీ బస్సు హారన్ కొట్టింది, వెళ్ళిపోయారు.
నాలుగైంది. ఇంకో అరగంటలో వస్తారు. భయం ఉంది, కానీ పొద్దుటంత లేదు. ఏమంటారో... కాదంటే? మళ్ళీ చెప్తాను.