పిలవని పేరు

7 ఏప్రిల్ 1965

ప్రియమైన పాల్మీరక్కకు,

పెస్కారాలో నాకొక గది చూసిపెట్టమంటే "ఉన్న ఊరికేం వచ్చిందే?" అని రాశావు. ఊరు బాగానే ఉంది, బాగాలేనిది నేనే. బదిలీకి అర్జీ రాసి సొరుగులో పెట్టుకున్నాను.

ఈ ఏడు నా దగ్గర లాటిన్ తీసుకున్నవాళ్లు పదకొండుమంది, పదమూడేళ్ల పిల్లలు. మార్కుల పుస్తకం తెరిచి నేను పేర్ల మీద వేలు జరుపుతుంటే ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. వేలు ఆగిన పేరుగలవాళ్లు ముందుకొచ్చి పాఠం అప్పజెప్పాలి. అక్టోబరు నుంచీ నా వేలు ఒక్క పేరు దగ్గర మాత్రం ఆగలేదు. డేలియా కొలనేరి. అవును, రాగిపాత్రలు చేసే ఔరేలియో కూతురు. అచ్చం అవే కళ్లు. అతని సుత్తి చప్పుడు వినబడకుండా తరగతి కిటికీ కూడా మూసే ఉంచుతున్నాను.

నీకెప్పుడూ చెప్పలేదు. నేను నేపుల్స్‌లో చదివేటప్పుడు అతను "నీకోసం ఆగనా?" అని రాశాడు. పట్నం పొగరు నాకు, జవాబివ్వలేదు. ఏడాది చూసి పెళ్లి చేసుకున్నాడు. ఆ జవాబు ఇప్పటికీ మనసులో రాస్తూనే ఉన్నానక్కా. ఆ పిల్ల నోరు విప్పితే అతనే వినిపిస్తాడేమోనని భయం. వినిపించడేమోనని కూడా.

నిన్న హెడ్మాస్టరు పట్టుకున్నాడు. "ఎర్సీలియా గారూ, ఈ పిల్ల గడి ఖాళీగా ఉందేం? మార్కు లేకుండా జూన్ పరీక్షకి ఎలా కూర్చోబెడతాం? లాటిన్ పోతే దాని పై చదువు పోయినట్టేగా!"

వచ్చే వారం పిలుస్తానని చెప్పాను.

నీ ఎర్సీలియా

14 ఏప్రిల్ 1965

అక్కా,

నిన్న "కొలనేరి" అని పిలిచాను.

"ఓసినీ, నీ పేరు కూడా ఉందే పుస్తకంలో!" అని ఎవరో వెనకనుంచి ఎకసెక్కం. డేలియా వచ్చి నిలబడింది.

"టీచర్, ముందు నేనేం తప్పు చేశానో చెప్పండి."

"నువ్వేం చేయలేదమ్మా. తప్పు నాదే. మొదటి పాఠం చెప్పు."

గులాబీ అనే మాటకు లాటిన్‌లో ఉన్న రూపాలన్నీ వరసగా చెప్పింది, బల్ల మీద వేళ్లతో దరువేస్తూ. రెండు దెబ్బలు నిదానంగా, ఒకటి గబుక్కున. ఆ దరువు నాదే. పన్నెండేళ్లప్పుడు ఔరేలియోకి ఒక్క ముక్కా గుర్తుండేది కాదు. వాళ్ల నాన్న సుత్తి దెబ్బలకు మాటలు కలిపి నేర్పింది నేనే, వాళ్ల కొలిమి గడపమీద కూర్చుని.

"ఈ దరువెవరు నేర్పారమ్మా?"

"నాన్న. బిందె కొడుతూ చెప్పిస్తాడు. ఆయనకెవరో అమ్మాయి నేర్పిందట. ఎవరు నాన్నా అంటే నవ్వి ఊరుకుంటాడు."

పదికి పది వేశాను. వేస్తుంటే గళ్లు సరిగా కనబడలేదు.

అతనింటికి నేను వెళ్లను, అతనూ రాడు. ఆశ మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు, నీ దగ్గర దాచడమెందుకు? అర్జీ పొయ్యిలో వేసేశాను. ఇవాళ పొద్దున కిటికీ రెక్కలు బార్లా తీశాను. కింది వీధిలోంచి సుత్తి చప్పుడు వచ్చింది. పదకొండుమంది చేతా ఆ దరువుకే పాఠం చెప్పించాను. పిల్లల గొంతులు వీధిలోకి వెళ్లినట్టున్నాయి, ఉన్నట్టుండి సుత్తి ఆగిపోయింది. పాఠం అయ్యేదాకా మళ్లీ మోగలేదు.

గది చూడొద్దక్కా.

నీ చెల్లెలు
ఎర్సీలియా