అంబులెన్సులో అన్న మాట

నెల్లూరు,
మంగళవారం

ప్రియమైన నాయనకు,

సాహిరా సలాములు. ఫోనులో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను. అమ్మకు చదివి వినిపించవద్దు. నాకిది శిక్షణలో ఆఖరి నెల అని, ఇక అంబులెన్సులో రోగులను నేనే చూసుకుంటానని అంగడికి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటున్నావట. ఇక చెప్పవద్దు నాయనా. నేను ఇంటికి వచ్చేస్తున్నాను. నీ పక్కన రెండో మిషను మీద కూర్చుంటాను.

శనివారం పొద్దున సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాలెం నుంచి పిలుపు వచ్చింది. ఈ రోజు అంతా నువ్వే చెయ్యి, నేను చూస్తూ ఉంటానన్నాడు నాకు పని నేర్పే బెన్హర్ అన్న. కామాక్షయ్య అనే ఆయన వలలోంచి చేపలు ఏరుతుంటే పాము వేలు కరిచిందట. సముద్రప్పాములు వలలో పడడం వాళ్ళకు రోజూ ఉండేదే. చేత్తో పట్టి నీళ్ళలోకి విసిరేస్తారు. ఉప్పునీటి పాముకు విషం ఉండదని వాళ్ళ నమ్మకం. కరిచిన చోట నొప్పి కూడా లేదు. ఆయన ఇంటికి పోయి చద్దన్నం తిన్నాడు. ఒళ్ళు నొప్పులు మొదలైతే వల లాగిన అలసట అనుకుని పడుకున్నాడు. మేము పోయేసరికి మాట ముద్దగా వస్తోంది, రెప్పలు వాలిపోయాయి. ఆయన భార్య నాగులమ్మ కూడా మాతో బండి ఎక్కింది.

మనుబోలు దగ్గర హైవే ఎక్కాక ఆయనకు ఊపిరి ఆగిపోయింది. మెడ మీద వేళ్ళు పెట్టి చూశాను. బండి ఊగుతోంది, వేళ్ళకు ఏమీ తగల్లేదు. ఆయన చెయ్యి ఎత్తితే దభీమని పడిపోయింది. నాయనా, నేను గట్టిగా అనేశాను.

"అన్నా, పోయినాడు."

మనిషి చనిపోయాడని చెప్పేది డాక్టరే గానీ మనం కాదని మాకు మొదటి రోజే నేర్పారు. ఆ మాట నా నోట్లోంచి ఎలా జారిందో ఇప్పటికీ అర్థం కావడం లేదు. నాగులమ్మ ఏడవలేదు. స్ట్రెచర్ కమ్మీకేసి రెండు చేతులూ కొట్టుకుంది. గాజుముక్కలు ఆయన ఛాతీ మీద పడ్డాయి. బెన్హర్ అన్న నన్ను పక్కకు తోసి తాను మెడ పట్టి చూశాడు.

"గుండె కొట్టుకుంటా ఉండాది. ఊపిరే లేదు. బ్యాగు నొక్కు" అన్నాడు.

ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టి, గాలి పంపే ఆ సంచీని ఆసుపత్రి వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాను. ఆయనిప్పుడు వెంటిలేటర్ మీద ఉన్నాడు. బతికున్న మనిషిని భార్య ముందే చంపేశాను నాయనా. అన్నం ముందు కూర్చుంటే ఆమె బోసి చేతులే కనబడుతున్నాయి. ఈ పనికి నేను తగను.

నీ కూతురు,
సాహిరా

*

చెల్లెలు సాహిరాకు,

నువ్వు పోయినాడన్న కామాక్షయ్యనే రాస్తున్నాను. భయపడకు, మనిషినే. వెంటిలేటర్ తీసేశారు. వేళ్ళకు ఇంకా పట్టు రాలేదు, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు. నువ్వు డ్యూటీ మానేసి కావలిలో మీ నాయన అంగడిలో జాకెట్లు కుడుతున్నావని చెప్పి, బెన్హర్ నీ అడ్రసు ఇచ్చాడు.

ఒక సంగతి నీకు చెప్పాలి. ఆ రోజు బండిలో నాకు అంతా వినపడుతూనే ఉంది. ఈ విషానికి ఒళ్ళు చచ్చుబడుతుంది గానీ తెలివి పోదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. రెప్ప ఎత్తలేను, ఊపిరి తీయలేను. నువ్వు ఆ మాట అనగానే, చదువుకున్న పిల్ల చెబుతోంది కదా, నిజమే కాబోలు అనుకున్నాను. ఇంతలో గాజులు పగిలిన చప్పుడు. నేనున్నానే నాగులూ అని లోపల ఎంత అరిచానో ఆ దేవుడికే తెలియాలి. అంత భయం నాకు తుఫానులో కూడా కలగలేదు.

తర్వాత నువ్వు గాలి నొక్కడం మొదలుపెట్టావు. నొక్కుతూ, ఏడుస్తూ, "అన్నా, ఇంకొక ఊపిరి తీసుకో, ఇంకొకటి" అని దారంతా బతిమాలుతూనే ఉన్నావు. చచ్చినవాణ్ణి అట్లా ఎవరూ బతిమాలరు. నేను బతికున్నానని నాకు నీ మాటల వల్లే తెలిసింది.

నాగులమ్మకు నీ మీద కోపం ఉంది, దాచను. ఆసుపత్రి ఎదురు కొట్లో మళ్ళీ గాజులు వేయించుకుంటూ కూడా నిన్ను తిట్టింది. పాము కరిచిందని చెప్పకుండా చద్దన్నం తిన్నందుకు నాకు అంతకంటే ఎక్కువ తిట్లు పడ్డాయి. నువ్వు మానేశావని తెలిసి, పీడా పోయిందంటుందేమో అనుకున్నాను. అట్లా అనలేదు. ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఆ పిల్లనే రమ్మను. కదలకుండా పడున్నోడికి వినపడతా ఉంటాదని ఇప్పుడు ఆ పిల్లకి తెలుసు. కొత్తగా ఇంకెవరన్నా వస్తే, వాళ్ళకి తెలిసేదానికి ఇంకెవురి గాజులు పగలాల?"

నీ అన్న,
కామాక్షయ్య