చెల్లి ఆడిన ఇటుకల ఆట

పెద్దోడా,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ నాన్నగారూ, చెల్లీ ఉన్నంతలో కులాసాగానే ఉన్నాం. ఆ జైలు గోడల మధ్య నువ్వు కూడా వేళకి ఇంత తింటూ, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావనుకుంటాను.

నాన్నగారి దగ్గు గురించి అడిగావు. తగ్గింది. కానీ బస్సు నడపడం మానేశారు. ఇక స్టీరింగు పట్టుకోలేనన్నారు, డిపోలో కౌంటరు దగ్గర కూర్చుంటున్నారు. వచ్చే నెల విడుదల కాగానే నేరుగా ఇంటికి వచ్చెయ్యనా అని కూడా అడిగావు. దానికి జవాబు రాసేముందు ఇంట్లో జరిగింది చెప్పాలి.

ప్రమాదం తర్వాత చెల్లికి మాట పోయింది, మెడ కింద ఏదీ కదలదు, కళ్ళు కూడా ఒకచోట నిలవవు. మనం చెప్పేది అర్థమవుతోందో లేదో డాక్టర్లే తేల్చలేకపోయారు కదా. ఈమధ్య ఇంటికొస్తున్న థెరపిస్టు దాని కుడి కనుబొమ్మ, ఎడమ దవడ రవ్వంత అదురుతున్నాయని కనిపెట్టింది. మన కంటికి ఆనదు. ఆ రెండు చోట్లా చిన్న పట్టీలు అంటించి, వాటి తీగలు కంప్యూటరుకి కలిపింది.

"పిల్లలు చిన్నప్పుడు ఏ ఆట ఆడేవాళ్ళండీ?" అని అడిగింది.

ఇంకేం చెబుతాను? మీరిద్దరూ జుట్లు పట్టుకుని కొట్టుకున్న ఆ ఇటుకల ఆటే. తెర మీద కింద పలక, పైన ఇటుకలు, మధ్యలో వాటిని కొట్టే బంతి. కనుబొమ్మ అదిరితే పలక కుడికి, దవడ అదిరితే ఎడమకి పోయేలా సాఫ్ట్‌వేరు రాసింది. మీట నొక్కింది వేలో కనుబొమ్మో ఆటకి తెలియదట.

మొదట్లో బంతి పడిపోతూనే ఉంది. నేను ఆశ వదిలేసుకున్నాను. ఒక మధ్యాహ్నం పలక బంతి కిందికి వచ్చి ఆగింది. మళ్ళీ వచ్చింది. మీ నాన్నగారు కుర్చీలోంచి లేచిపోయారు.

"చూడవే, చిన్నప్పటిలాగే మూల ఇటుకలే కొడుతోంది! దీని బుద్ధి ఎక్కడికి పోతుంది!" అని ఏడ్చేశారు. ఇన్నాళ్ళూ అది లోపలే ఉంది కన్నా. అన్నీ వింటూనే ఉంది.

తర్వాత ఆ థెరపిస్టు అమ్మాయి ఇటుకలు తీసేసి, తెర మీద ఎడమవైపు 'సరే', కుడివైపు 'వద్దు' అని పెట్టింది. నీళ్ళు కావాలా అంటే సరే అంది. ఫ్యాను తగ్గించనా అంటే వద్దంది. నా సంతోషం పట్టలేక అడిగేశాను.

"అన్నయ్య వస్తున్నాడమ్మా. ఇంటికి రమ్మందామా?"

పలక కుడికి పోయింది.

అలసిపోయిందనుకున్నాం. థెరపిస్టు తెర మీది మాటలు రెండూ అటూ ఇటూ మార్చింది. మళ్ళీ అడిగాను. ఈసారి ఎడమకి పోయింది, 'వద్దు' ఉన్న చోటికి.

"వాడు కావాలని చేసింది కాదు తల్లీ" అన్నాను. పలక అంచుకి ఆనుకుని అక్కడే ఉండిపోయింది. బండి ఆపమని అది వెనక నుంచి అరిచినా ఆపలేదని కోర్టులో నువ్వే చెప్పావు.

ఇంకో మాట. నీ పేరెత్తితే చెల్లి కళ్ళు మెరుస్తున్నాయని ప్రతి ఉత్తరంలోనూ రాశాను. అది నేను కల్పించింది. నువ్వు అక్కడ కుంగిపోతావని భయపడి, దాని నోట లేని మాట నేను పెట్టాను. క్షమించమని దాన్నీ అడిగాను.

ఇంటికి రావద్దు కన్నా. విడుదల రోజు గేటు దగ్గర నేనుంటాను. మీ నాన్నగారు వస్తారో రారో తెలియదు. డిపో వెనక వీధిలో మేడ మీద నీకో గది మాట్లాడాను. వెలుతురు తక్కువ, నీళ్ళకి లోటు లేదు.

దాన్ని మళ్ళీ అడగను. రమ్మనాలనిపిస్తే ఇప్పుడు అదే చెప్పగలదు. ఎప్పటికీ చెప్పకపోవచ్చు కూడా. అందుకు నువ్వు సిద్ధపడే బయటికి రా.

ఇట్లు,
నీకూ, దానికీ అమ్మ