పెద్దమ్మాయి ముక్కు

మార్చి 3

వ్యాన్ ఇంజన్ పోయింది. మామయ్య చేత్తో తిప్పి చూసి, ఇక లేవదు అన్నారు. ముప్ఫై ఆరేళ్లుగా దాన్ని విప్పిందీ ఆయనే, బిగించిందీ ఆయనే. ఇంట్లో ఆ వ్యాన్‌ని పెద్దమ్మాయి అంటారు. మా ఆయన దానికంటే రెండేళ్లు చిన్న. ఆదివారం దానికి స్నానమయ్యాకే తనకి నీళ్లు పోసేవారని ఇప్పటికీ దెప్పుతుంటాడు.

మార్చి 4

నా రిపేరు షాపులో మూడు ఫ్రిజ్‌లు, ఒక ఏసీ. మూడున్నరకి ఫోన్. అత్తయ్య చెల్లెలు చిన్నత్తయ్యకి ఇక మందులు మార్చి లాభం లేదన్నారట డాక్టర్లు. అక్కని ఒకసారి చూడాలంటోందట.

ఆవిడ ఉండేది కొండ మీది ఊళ్లో. అక్కణ్ణించి కదిలే స్థితిలో లేదు. అత్తయ్యే వెళ్లాలి. వెన్ను ఆపరేషన్ అయ్యాక అత్తయ్య పది నిమిషాలు కూర్చోలేరు, పడుకునే వెళ్లాలి. పెద్దమ్మాయిలో వెనక పరుపుంది. చచ్చిన ఇంజన్ సరిగ్గా ఆ పరుపు కిందే ఉంది.

అంబులెన్స్ మాట్లాడదామన్నాను. అందులోంచి నన్ను దింపితే అది గుమ్మంలోనే శోకాలు మొదలెడుతుంది, ఎవరు ఎవర్ని చూడ్డానికొచ్చారో తెలీకుండా పోతుంది అన్నారు అత్తయ్య. నవ్వుతూనే అన్నారు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నారు.

మార్చి 7

పాత ఇంజన్‌కి పార్టులు దొరకడం లేదు. ఒక చిన్న కారు ఇంజన్ తెచ్చి పెడదామన్నాను. మూడోసారి అడిగితే మామయ్య ఊఁ అన్నారు.

చిక్కంతా ఒక్కటే. పాతది గాలితో చల్లబడే ఇంజన్. కొత్తది నీళ్లు అడుగుతుంది. నీళ్లంటే రేడియేటర్. రేడియేటర్‌కి ఈ బండిలో చోటే లేదు, కట్టినవాళ్లు దాన్ని ఊహించనేలేదు.

మామయ్య వెనక చక్రం పక్కన, అడుగున పెడదామన్నారు. ఎవరికీ కనపడదట. నేను ముందు పెడదామన్నాను. ఎదురుగాలి తగిలేది అక్కడే. వేడితోనే కదా నా బతుకంతా, లోపలి వేడిని బయటికి తోయడమే నా ఉద్యోగం. కానీ ముందు పెట్టాలంటే బండి ముక్కు దగ్గర రేకు కొయ్యాలి.

ఆడపిల్ల మొహం మీద గాటు పెడతావా అన్నారు.

ఆయన కళ్ల మధ్యలో చూపు పోయి రెండేళ్లయింది. పక్కలు మాత్రం కనిపిస్తాయి. మనిషిని చూడాలంటే మొహం పక్కకి తిప్పుకోవాలి. ఆ మాట అన్నప్పుడు గోడ క్యాలెండర్ వైపు తిరిగి ఉన్నారు. అంటే నన్నే చూస్తున్నారు.

వెనకే పెడుతున్నాం.

మార్చి 11

ఇంజన్ కూర్చుంది. రేడియేటర్ తుక్కు షాపులో దొరికింది, రెక్కలు వంకరపోయి ఉంటే అత్తయ్య పడుకునే, పాత దువ్వెనతో ఒక్కొక్కటీ నిలబెట్టారు. రెండు పూటలు పట్టింది. దీనికి జడ వెయ్యడం ఒక్కటే తక్కువ అన్నారు.

ఫ్యాన్ నేను కలిపాను. మధ్యలో ఫోన్, చిన్నత్తయ్య అన్నం మానేసిందని. ఆ తొందరలోనే కనెక్టర్ మీద నీలం టేపు చుట్టేసి లోపలికి పరిగెత్తాను.

మార్చి 13

ఊరి చివర ఎత్తు రోడ్డు మీద పరీక్ష. మా ఆయన స్టీరింగ్, నేను పక్కన, మామయ్య వెనక పరుపు మీద. ఒకసారి ఎక్కాం, బాగుంది. రెండోసారి వేడి చూపే ముల్లు ముప్పావు దాటింది. మూడోసారి సగంలోనే ఆవిరి. బండి ఆపేసరికి అడుగున నీళ్లు ధారగా కారుతున్నాయి.

మామయ్య దిగి, తడి రోడ్డు మీద అరచెయ్యి ఆనించారు. కాలింది. తీసేసి లుంగీకి తుడుచుకున్నారు.

నేను, ముందే చెప్పాను కదా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మార్చి 14

పొద్దున్నే షెడ్డులోకి వెళ్తే మామయ్య అప్పటికే అక్కడున్నారు. పెద్దమ్మాయి ముక్కు మీద సుద్దముక్కతో గీత గీస్తున్నారు. ఎడమ చేతి వేళ్లు ముందు నడుస్తున్నాయి, కుడి చెయ్యి వెనకాలే గీస్తోంది. నేను స్కేలు పెట్టి చూశాను. నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నాయి.

కొయ్యి అని, బయటికెళ్లి కూర్చున్నారు.

మార్చి 15

కోశాను. గ్రైండర్ చప్పుడుకి అత్తయ్య రేడియో పెంచారు. రేకు ఊడి చేతిలోకి వచ్చినప్పుడు నేననుకున్నదానికంటే తేలిగ్గా ఉంది.

మార్చి 17

ఇది రాయాలా వద్దా అని కలం మూత రెండుసార్లు పెట్టాను.

ముందు రేడియేటర్ బిగించడం అయింది. అడుగునుంచి వెనక్కి రెండు పొడుగు పైపులు లాగాను. వెనకనుంచి అదే ఫ్యాన్ వైర్లతో సహా విప్పి తెచ్చి రేడియేటర్ వెనక పెట్టాను. ఏసీ బిగించాక నాకొక అలవాటు, జాలీ దగ్గర కాగితం ముక్క పెట్టి చూస్తాను. గాలి సరిగ్గా లాగితే కాగితం అతుక్కుంటుంది. ఇవాళా పెట్టాను.

కాగితం ఎగిరొచ్చి నా మొహాన కొట్టింది.

ఫ్యాన్ ఎదురు దిశలో తిరుగుతోంది. వైర్లు తారుమారు. ఇవాళ చేసిన తప్పయితే ఎంత బాగుండేది. కాదు. కనెక్టర్ మీద పదకొండో తారీఖున నేను చుట్టిన నీలం టేపు అలాగే ఉంది. అంటే ఎత్తు రోడ్డు మీద కూడా అది ఇలాగే తిరిగింది. బయటి చల్లగాలిని లోపలికి లాగాల్సింది పోయి, ఇంజన్ దగ్గరి వేడిగాలిని తెచ్చి రేడియేటర్‌కి పట్టించింది. ఆ రోజు బండిని ఉడికించింది మామయ్య చెప్పిన చోటు కాదు. నా చెయ్యి.

వైర్లు మార్చాను. రెండు నిమిషాల పని. కోసిన రేకు షెడ్డు మూల నిలబెట్టి ఉంది.

మార్చి 18

చెప్పలేదు.

మార్చి 19

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఎవరినడిగినా రేడియేటర్ ముందే మేలంటారు. వెనక ఉంటే కొండ రోడ్డు మీద ఎలాగూ ఉడికేదేమో. ఏమో. ఆ ఏమో దగ్గరే పొద్దుటినుంచీ తిరుగుతున్నాను.

మధ్యాహ్నం మామయ్య కోసిన అంచుకి రబ్బరు తొడుగుతున్నారు. రెండిళ్ల అవతలి మంగలి కబుర్లకొచ్చాడు. ముక్కు అలా చేశారేంటని అడిగాడు. నా లెక్క తప్పింది, కోడలి లెక్క నిలిచింది అన్నారు మామయ్య. హాయిగా అన్నారు. నలభై ఏళ్లు స్పానర్ పట్టినవాడికి తప్పొప్పుకోవడం కూడా వచ్చుండాలి అని పైగా అతనికే నీతి చెప్పారు.

మంగలి వెళ్లేదాకా ఆగాను. తర్వాత మొత్తం చెప్పేశాను. ఫ్యాన్, టేపు, ఎత్తు రోడ్డు.

ఎప్పుడు తెలిసింది అని అడిగారు. నిన్న అనబోయి తడబడ్డాను, మొన్న అన్నాను. మొన్న, అని ఆయన మళ్లీ అన్నారు. రబ్బరు చుట్ట నా పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

మార్చి 20

నాతో మాట్లాడటం లేదు. ఏం కావాలన్నా మా ఆయనతో, ఆవిడకి చెప్పు అంటున్నారు. ఆవిడ అంటే నేను. పదకొండేళ్లలో నేను ఈ ఇంట్లో ఆవిడ అవడం ఇదే మొదటిసారి.

అత్తయ్య నన్ను పిలిచి మంచం పక్కన కూర్చోబెట్టుకున్నారు. మీ మామయ్యకి కోపం ముక్కు మీద ఉంటుంది, బండికిప్పుడు ముక్కే లేదు, ఇద్దరికీ కొన్నాళ్లు ఇబ్బందే అన్నారు. నవ్వబోయి ఏడ్చేశాను. ఏడిస్తే ఏడువు గానీ శనివారానికి బండి తయారవ్వాలి, మా చెల్లెలికి అలకలు తీరేదాకా ఆగే ఓపిక లేదు అన్నారు.

మార్చి 21

నీళ్లు పోశాను. పొడుగు పైపుల్లో గాలి ఇరుక్కుంది. ముల్లు ఉన్నట్టుండి లేస్తోంది, ఉన్నట్టుండి పడుతోంది. బండిని పైకెత్తి పైపులు చూద్దామంటే అద్దె లిఫ్ట్ ఎక్కడా దొరకలేదు.

మార్చి 22

పొద్దున మామయ్య షెడ్డులోకొచ్చారు. ఎవరితోనో చెబుతున్నట్టు, ముక్కు పైకెత్తాలి, గాలి ఎప్పుడూ ఎత్తుకే పోతుంది అన్నారు. మా ఆయన, నేను కలిసి ముందు చక్రాల్ని చెక్కదిమ్మల మీదికెక్కించాం. ఇంజన్ స్టార్ట్ చేశాం. మామయ్య పైపుకి చెవి ఆనించి నేలమీదే పడుకున్నారు. ఇంకా గుటకలేస్తోంది అన్నారు. ఇంకా. ఇంకా. నేను పైన గాలి స్క్రూ కొంచెం కొంచెం వదులుతున్నాను. ముప్పావుగంటకి నీళ్లు చుక్క తెగకుండా వచ్చాయి.

అమ్మాయ్, బిగించెయ్ అన్నారు.

బిగించాను.

లేచి చేతులు దులుపుకుంటూ ఇంకో మాట అన్నారు. నా చోటు తప్పని ఎత్తు రోడ్డు మీద బండే చెప్పిందనుకున్నా. బండి చెప్పలేదని నువ్వంటున్నావు. ఇక ఎవర్నడగాలి? నేను, ఆ రేకు అతికించి, మళ్లీ వెనక పెట్టి చూద్దామా అన్నాను. నిజంగానే అన్నాను. శనివారం అన్నారు ఆయన. అంతే.

క్షమించారా అంటే చెప్పలేను. అమ్మాయ్ అయితే అన్నారు.

మార్చి 24, శనివారం, ఉదయం 5.40

బయలుదేరుతున్నాం. అత్తయ్య పరుపు మీద, తలకింద రెండు దిండ్లు. కొత్త ఇంజన్ చప్పుడు చాల్లేదట, బండి నడుస్తోందో ఆగిందో తెలీడం లేదట.

10.15

కొండ మొదలై అరగంట. నేను, మామయ్య ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. మొదటినుంచీ ఆయన కిటికీలోకే చూస్తున్నారు. అలక ఇంకా తీరలేదనుకున్నాను. పదకొండో మలుపు దగ్గర మా ఆయన గేరు మార్చడం ఆలస్యమైంది. కిటికీలోకి చూస్తూనే మామయ్య, ముల్లు ఒక గీత లేచింది, రెండో గేరులో పో అన్నారు. అప్పుడర్థమైంది, ఇంతసేపూ ఆయన చూస్తున్నది ముల్లునే.

రెండో గేరులో వెళ్లాం. ముల్లు దిగింది. ఆయన ఊపిరి వదలడం వినిపించింది. నాదీ ఆయనకి వినిపించే ఉంటుంది.

సాయంత్రం 4.50, వ్యాన్‌లో

చిన్నత్తయ్య అత్తయ్యని లోపలికి తేనివ్వలేదు. తననే ఎత్తుకొచ్చి బండిలో అక్క పక్కన పడుకోబెట్టమంది. పిల్లి పిల్లంత బరువుంది. ఊరు చూపించమన్నారు. పడుకున్నవాళ్లకి కిటికీలో ఆకాశం తప్ప ఏమీ కనపడదు. పుట్టి పెరిగిన ఊరు కదా, మలుపుల్ని బట్టి ఇది ఫలానా వీధి అని పందెం వేసుకుంటున్నారు. చిన్నత్తయ్య దొంగాట ఆడుతోందని అత్తయ్య అరుస్తున్నారు.

ఇది నాలుగో చుట్టు. దిగమంటే దిగడం లేదు.